ఎవరి పళ్ళు?

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పైన ముందు పళ్ళు రెండింటి మధ్య ఖాళీ ఉంది, నవ్వితే ముందు అదే కనపడుతుంది. పోయిన వేసవి సెలవుల్లో ఆ ఖాళీ చూపించడానికే హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గోడల నిండా కార్టూన్ బొమ్మలు, పిల్లలు కూర్చోవడానికి బుల్లి కుర్చీలు. తను సంతోషంగానే వచ్చింది. తీసుకెళ్ళింది తన పళ్ళ కోసమా, నా పళ్ళ కోసమా అని మాత్రం ఆ రోజు నన్ను నేను అడగలేదు.

నావి ఎత్తుపళ్ళు. స్కూల్లో నాకున్న పేరు ఇక్కడ రాయను, ఊహించుకోవడం కష్టం కాదు. గ్రూప్ ఫోటోల్లో పెదాలు బిగించి నిలబడటం ఏడో తరగతిలో మొదలైంది, పెళ్ళి ఆల్బమ్‌లో కూడా అలాగే ఉన్నాను. పళ్ళకి క్లిప్పులు వేస్తారన్న సంగతి అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా అంత డబ్బు లేదు. ఇప్పుడు నాకు తెలుసు, డబ్బూ ఉంది. ఇంక ఆలోచించేదేముంది అనుకున్నాను.

డాక్టరుగారు చూసి, "ఆ ఖాళీ సంగతి వదిలేయండి," అన్నారు. ఈ వయసులో కోరపళ్ళు ఇంకా ఎముకలోనే ఉండి ముందు పళ్ళ వేళ్ళని నొక్కుతుంటాయట. అందుకే ముందు పళ్ళు ఎడంగా విచ్చుకుంటాయి. పదకొండు, పన్నెండేళ్ళప్పుడు కోరపళ్ళు దిగితే చాలామందికి ఆ ఖాళీ దానంతటదే మూసుకుపోతుంది. దంతవైద్యులు దీన్ని 'అగ్లీ డక్లింగ్' దశ అంటారు. తర్వాత ఆవిడ నేనెప్పుడూ గమనించనిదొకటి చూపించారు. పై దవడ ఇరుకుగా ఉంది. కుడివైపు పై పళ్ళు కింది పళ్ళకి లోపలగా పడుతున్నాయి. నోరు మూసినప్పుడల్లా కింది దవడ కుడిపక్కకి జరుగుతోంది. దీన్ని క్రాస్‌బైట్ అంటారు. అలాగే వదిలేస్తే దవడ వంకరగా పెరగొచ్చు. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది, యుక్తవయసు దాటేకొద్దీ బిగుసుకుపోతుంది. ఇప్పుడు ఎక్స్‌పాండర్ అనే పరికరం పెడితే కొన్ని వారాల్లో వెడల్పవుతుంది. పెద్దయ్యాక అదే పనికి ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు.

నాకు లోపంగా కనిపించింది లోపం కాదు. లోపమైనది నాకు కనిపించలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఇది పళ్ళకి మాత్రమే సంబంధించిన విషయం కాదనిపించింది.

అమెరికన్ తత్త్వవేత్త జోయెల్ ఫైన్‌బర్గ్ 1980లో, తెరిచి ఉన్న భవిష్యత్తు మీద పిల్లలకుండే హక్కు గురించి ఒక వ్యాసం రాశాడు. కొన్ని హక్కులు బిడ్డకి ఇప్పుడే వాడుకునే శక్తి లేకపోయినా, పెద్దయ్యేదాకా వాటిని భద్రంగా ఉంచాలంటాడు. మన భాషలో చెప్పాలంటే మైనరు ఆస్తికి గార్డియన్ లాంటివాళ్ళం మనం. కాపాడొచ్చు, మన ముచ్చట్లకి ఖర్చుపెట్టకూడదు. ఈ లెక్కన ఎక్స్‌పాండర్ తేలికైన ప్రశ్నే. నేను ఆగితే తనకి ఒక దారి మూసుకుపోతుంది. ముందు పళ్ళ ఖాళీ విషయంలో ఆగితే ఏ దారీ మూసుకుపోదు. పద్నాలుగేళ్ళకి తనే అద్దంలో చూసుకుని, కావాలో వద్దో తనే చెప్పొచ్చు.

ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమని అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్తుంది. చూపించమంటే వెంటనే క్లిప్పులు వేయించమని కాదు. పైపళ్ళు బాగా ఎత్తుగా ఉన్న పిల్లల మీద జరిగిన ప్రయోగాలని కోక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది. చిన్నప్పుడొకసారి, టీనేజీలో మరోసారి వైద్యం చేసినా, టీనేజీలో ఒకేసారి చేసినా చివరికి పెద్ద తేడా లేదని అందులో తేలింది. ముందే చేస్తే కిందపడ్డప్పుడు ముందు పళ్ళు దెబ్బతినడం తగ్గుతుంది, అదొక్కటే చెప్పుకోదగ్గ లాభం. అది మంచి కారణమే. 'చూడ్డానికి బాగుంటుంది' అన్నది వేరే కారణం.

కానీ ఇక్కడే నాకు నా మీద అనుమానం. ఫైన్‌బర్గ్ మాట పెద్దయ్యాక ఉండబోయే మనిషి గురించి. మధ్యలో స్కూలుకెళ్ళే ఆ ఆరేడేళ్ళ మాటేమిటి? ఎగతాళి కూడా దెబ్బే, నాకు తెలుసు. ఇంగ్లండులో ప్రభుత్వ ఖర్చుతో క్లిప్పులు ఎవరికి వేయాలో తేల్చడానికి ఒక కొలబద్ద ఉంది. అందులో ఎటూ తేలని కేసుల్లో పది ఫోటోల పక్కన పెట్టి పలువరుస ఎలా కనిపిస్తోందో కూడా చూస్తారు. అంటే చూపు కూడా అవసరమేనని వాళ్ళూ ఒప్పుకున్నట్టే. అందాన్ని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. అయితే ఆ బాధ ఉందని చెప్పాల్సింది తను. తను ఇంతవరకూ ఏమీ అనలేదు. పైగా ఆ ఖాళీలోంచి ఈల వేయడం నేర్చుకుంది. తనకి లేని బాధకి నేను మందు వెతుకుతున్నాను.

చెవులు కుట్టించేటప్పుడు అడిగామా, పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు అడిగామా అంది మా అమ్మ. నిజమే, అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల అనుమతి ఇచ్చేంత పెద్దది కాదు కూడా. అందుకే ఎక్స్‌పాండర్ విషయంలో అడగడం దేనికనుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

ఆ పరికరం మధ్యలో ఒక మర ఉంటుంది. రోజూ రాత్రి చిన్న తాళంచెవి లాంటి పుల్లతో పావు చుట్టు తిప్పాలి, పావు మిల్లీమీటరు జరుగుతుంది. తిప్పాల్సింది నేను. అంగిలి విడిపోతున్నప్పుడు ముందు పళ్ళ మధ్య ఖాళీ కొన్నాళ్ళు ఇంకా పెరుగుతుందని, తర్వాత దగ్గరకొస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు. భయపడుతుందని తనకి చెప్పలేదు నేను. రెండో వారంలో తను అద్దం ముందు నిలబడి ఏడ్చింది. "నా పళ్ళు పాడుచేశావు నాన్నా," అంది.

అప్పుడు కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. తను విన్నది. ఆ తర్వాత ఎన్ని తిప్పులయ్యాయో తనే క్యాలెండరులో గీతలు పెట్టింది. ఒకరోజు "ఇవాళ వద్దు" అంది. ఆపాను. మర్నాడు ఫోన్ చేసి అడిగితే ఒక్కరోజుకి ఏమీ కాదన్నారు. బిడ్డ ఒప్పుకోకపోయినా చేయాల్సిన పనులు కొన్ని ఉంటాయి. చెప్పకుండా చేయాల్సిన పని మాత్రం నాకు ఒక్కటీ తోచడం లేదు.

ఇప్పుడు తిప్పడం అయిపోయింది. కొత్త ఎముక పూడేదాకా పరికరం ఇంకొన్ని నెలలు ఉంటుంది. ఖాళీ మళ్ళీ తగ్గింది. మొన్న అన్నం తింటూ నా మొహంలోకి చూసి, "నీవి ఇంకా ఎత్తుగానే ఉన్నాయిగా, నువ్వెందుకు పెట్టించుకోలేదు?" అని అడిగింది. పెద్దవాళ్ళకి కూడా క్లిప్పులు వేస్తారు. ఉద్యోగంలో చేరి పదమూడేళ్ళయింది, ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి అడగలేదు. తన విషయంలో ఒక్క వేసవి ఆగలేకపోయాను. ఏం చెప్పాలో తెలియక, తెలియదనే చెప్పాను.