ప్రతిఫలం ఉన్న దానం

తిరిగి ఏమీ ఆశించని దానమే సాత్వికమంటుంది గీత పదిహేడో అధ్యాయం. మరి దేశాలు చేసే సాయం?

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 1982లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏసీఐఏఆర్, 2010 నుంచి 2018 దాకా ఆఫ్రికాలో మొక్కజొన్న, పప్పుధాన్యాల సాగును మెరుగుపరిచే సిమ్లేసా పథకానికి నిధులిచ్చింది. ఇథియోపియా, కెన్యా, టాంజానియా, మలావీ, మొజాంబిక్ శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. దుక్కి తగ్గించారు, చొప్పను నేలపైనే వదిలారు, మొక్కజొన్నలో కంది వేశారు. కంది వేళ్లలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది.

మెట్టసేద్యపు ఈ పాఠాలు వానలు తక్కువైన ఆస్ట్రేలియాకూ పనికొస్తాయి. అంతమాత్రాన ఆ సాయం దానం కాకుండా పోదు. విద్య పంచితే తరగదు కదా! అసలు పరీక్ష వేరు: ఏం పరిశోధించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ మాట ముందుగా మలావీ మహిళా రైతును అడగాలి. ఆమె దేశపు కందులు మన వంటింటికీ వస్తున్నాయి.