నీటికుక్క చేసిన నేరం

తాళ్ళరేవు దగ్గర చెరువులున్న అల్లుడికీ, కాకినాడలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మావయ్యకీ మధ్య నడిచిన మాటలివి. ఇద్దరూ నేను ఊహించుకున్నవాళ్ళే. తగువు మాత్రం నిజం. పక్కనే కోరింగ మడ అడవి. 1978లో అభయారణ్యమైన ఆ 235 చదరపు కిలోమీటర్లలో నీటికుక్కలూ బావురు పిల్లులూ ఉన్నాయి. రెంటికీ చేపే కూడు.

అల్లుడు: నీటికుక్కలు రాత్రి మళ్ళీ గుంపుగా దిగాయండి మావయ్యా. శీలావతి చేపల్ని తిన్నన్ని తిని, సగం కొరికినవి గట్టుమీద పారేసి పోయాయి. కాపలా కుర్రాడు ఉచ్చు పెడదామంటున్నాడు. దొంగకి శిక్ష పడాలా వద్దా?

మావయ్య: దొంగ అనాలంటే అది ఇంకొకరి సొత్తని దానికి తెలియాలిరా. కాలవలో చేపకీ నీ చెరువులో చేపకీ ఉన్న తేడా నీ పాసుపుస్తకంలో ఉంది. అది చదివే జంతువు మనిషొక్కడే.

అల్లుడు: తెలియక చేసినా నష్టం నష్టమేనండి. తన కాటుకి మనం చస్తామని పాముకీ తెలియదు. అయినా కొడతాం కదండీ.

మావయ్య: ప్రాణం మీదికొస్తే కొడతాం. అది రక్షణ. ఇందాక శిక్ష అన్నావు, ఇప్పుడు రక్షణలోకి దూరావు. సరే, రక్షణే అనుకుందాం. రొయ్యల చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె కట్టావు, పైన పక్షుల వల కట్టావు. ఎందుకు?

అల్లుడు: తెల్లమచ్చ వైరస్ భయంతోనండి. 1994-95లో టైగరు రొయ్య ఎలా తుడిచిపెట్టుకుపోయిందో మీరు చూశారుగా. పీత ఆ వైరస్‌ని మోస్తుంది. వనామీ రొయ్య పెంచాలంటే ఆ కంచె ఉండాల్సిందే.

మావయ్య: పీతకి కంచె, నీటికుక్కకి ఉచ్చు. పీత మీద నీకు కోపం లేదు, అందుకే ఉపాయం ఆలోచించావు. గృహస్థు తన అన్నంలో ఒక ముద్ద ప్రాణులకి తీసిపెట్టాలని, దాన్ని భూతయజ్ఞమని పెద్దలు ఊరికే చెప్పారా?

అల్లుడు: ఆ ముద్ద గృహస్థు తనంతట తాను పెడతాడండి. ఇక్కడ నన్నడక్కుండా పట్టుకుపోతున్నాయి. మీ కాకినాడవాళ్ళకి ఫొటోలో నీటికుక్క ముద్దొస్తుంది. పుణ్యం మీకు, నష్టం నాకు!

ఈ మాటకి మావయ్య తడుముకున్నాడు. జంతువుల పక్షాన రాసేవాళ్ళం చాలామందిమి ఇక్కడే గొంతు పెంచి తప్పించుకుంటాం. ఆయన అలా చేయలేదు గానీ, మాటని ఏడు సముద్రాల అవతలికి తీసుకుపోయాడు.

మావయ్య: స్కాట్లండులో సాల్మన్ చేపలు పెంచేవాళ్ళు లైసెన్సు పుచ్చుకుని మరీ సీళ్ళని తుపాకీతో కాల్చేవారు. 2021 ఫిబ్రవరి నుంచి చేపల్ని కాపాడుకోవడానికని ఆ లైసెన్సు ఇవ్వడం మానేశారు. సముద్ర క్షీరదాల్ని కావాలని చంపే చోటి నుంచి చేపలు కొనేది లేదని అమెరికా పట్టుబట్టింది మరి. దాని వెనకున్న చట్టం 1972 నాటిది. మన వన్యప్రాణి చట్టమూ ఆ ఏటిదే.

అల్లుడు: అంటే వాళ్ళకి దయ పుట్టలేదు, బేరం పోతుందని భయం పుట్టింది. అమెరికా కొంటానన్నదే ధర్మమైతే, తాబేళ్ళు చిక్కే వలల రొయ్యలు కొననని అది పెట్టిన నిబంధన మీద మనవాళ్ళు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా ఎందుకెళ్ళారండి? 1998లో అమెరికా ఆ నిబంధన అమలుచేసిన తీరు తప్పనే కదా తేల్చారు!

మావయ్య: తీరు తప్పన్నారురా, తాబేలుని కాపాడటం తప్పనలేదు. కొనేవాడి పెత్తనం మీద నీకున్న కోపం న్యాయమే. ఆ కోపంతో వలలో ఊపిరాడక చచ్చిన తాబేలు బతికి రాదు. స్కాట్లండు సీలుకి కావలసింది తూటా తగలకపోవడం. కాల్చడం మానినవాడి మనసులో దయ ఉందా, డాలరు ఉందా అని అది అడగదు.

అల్లుడు: సీలు అడగదు సరే, నేను అడుగుతానండి. చేపల చెరువుకీ కంచె కట్టమంటారు. ఆ డబ్బు ఎవరిస్తారు?

మావయ్య: నీ ఒక్కడి జేబులోంచి రమ్మనడం అన్యాయం. అది ఒప్పుకుంటాను. అయినా ఉచ్చు మాట మళ్ళీ ఎత్తకు.

నన్నడిగితే ఉచ్చు దగ్గర మావయ్య మాట చెల్లుతుంది, ఖర్చు దగ్గర అల్లుడి మాట చెల్లుతుంది. 2022 సవరణ తర్వాత నీటికుక్క వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్ళ జైలు. రైతుకి జైలు చూపించిన ప్రభుత్వం కంచె ఖర్చులోనూ వాటా చూపించాలి. గోదావరి రొయ్యనీ చేపనీ అమ్ముకుని లాభపడుతున్న కంపెనీలు మిగతాది భరించాలి. మడ అడవి పక్క చెరువులకి ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టమని ఒకప్పటి రెండు గోదావరి జిల్లాల ఆక్వా రైతు సంఘాలు గట్టిగా అడగాలి.