చేదు పని ముందు

దుబాయ్‌లో తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినిపించే వేళకే వీధి గ్రోసరీల షట్టర్లు లేస్తాయి. నిద్ర కన్నా ప్రార్థన మేలని ఆ పిలుపు రోజూ గుర్తుచేస్తుంది. కరామాలోనో బర్ దుబాయ్‌లోనో అలాంటి కొట్టు నడిపే మనవాణ్ని బద్ధకస్తుడని ఎవరూ అనలేరు. అర్ధరాత్రి దాకా నిలబడే ఉంటాడు. కానీ అతని సొరుగులో మూడు పనులు నెలల తరబడి మగ్గుతుంటాయి. దాఖలు చేయాల్సిన వ్యాట్ రిటర్ను, బాకీ పడ్డ పాత స్నేహితుడికి చేయాల్సిన ఫోను, పనివాడి వీసా రెన్యువల్. వాటి జోలికి వెళ్లడం ఇష్టంలేక సర్దిన సరుకునే మళ్లీ సర్దుతాడు. ఎవరైనా అడిగితే ఇక్కడ నేర్చిన మాటే జవాబు: ‘బుక్రా’. అంటే రేపు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు తామస కర్త లక్షణాలు చెబుతాడు. అక్కడ ‘అలసుడు’, ‘దీర్ఘసూత్రి’ అనే మాటలు వేర్వేరుగా ఉన్నాయి. సోమరి వేరు, పనిని సాగదీసేవాడు వేరు. ఆ రెంటి మధ్యలో ‘విషాది’ అన్న మాట ఉంది. ఒంటినిండా చాకిరీ చేసేవాడు కూడా దీర్ఘసూత్రి కాగలడు. అతన్ని ఆపేది బద్ధకం కాదు, దిగులు. లెక్క తప్పుతుందేమోనని, స్నేహం చెడుతుందేమోనని, ఖర్చు మీద పడుతుందేమోనని భయం.

అదే అధ్యాయంలో సాత్విక సుఖం మొదట విషంలా ఉండి చివరకు అమృతమవుతుందన్నాడు భగవానుడు. మన పెద్దలేమో ‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు. రెండూ ఒకే సత్యానికి రెండు వైపులు. సకాలంలో చేస్తే చేదు తీపవుతుంది, వాయిదా వేస్తే తీపి కూడా చేదవుతుంది. వ్యాట్ రిటర్నునే తీసుకోండి. ఎమిరేట్స్‌లో 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ అమల్లో ఉంది. పన్ను కాలం ముగిశాక 28 రోజుల్లో రిటర్ను వేయాలి. ఒక పూట కూర్చుంటే తీరే పనికి గడువు దాటిస్తే మొదటిసారి 1,000 దిర్హాముల జరిమానా. 24 నెలల్లో మళ్లీ తప్పితే 2,000.

శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు మూడు చేపల కథ చెప్పాడు. జాలరులు మడుగులో నీరు తోడేస్తున్నారని తెలిసి దీర్ఘదర్శి అనే చేప ముందే వెళ్లిపోయింది. ప్రాప్తకాలజ్ఞుడనే చేప వలలో పడ్డాక ఉపాయంతో బయటపడింది. దీర్ఘసూత్రుడనే చేప మాత్రం ‘నువ్వు చెప్పింది నిజమే, కానీ తొందరేముంది?’ అని అక్కడే ఉండి చచ్చింది. ఆ చేపకు తెలియక కాదు, తెలిసీ కదల్లేదు. మన సొరుగులోని కాగితాల సంగతీ అంతే. వాటిలో ఏముందో మనకు తెలుసు.

ఆ చేప పోగొట్టుకున్నది తన ప్రాణమే. వ్యాపారి జాప్యం మరొకరి మీద పడుతుంది. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో వచ్చి మన కొట్లో మూటలు మోసే కుర్రాడి వీసా మన సంతకం కోసం ఎదురుచూస్తోంది. గడువూ, మినహాయింపు రోజులూ దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా లెక్క మొదలవుతుంది. ఊళ్లో తల్లికి జబ్బు చేస్తే విమానం ఎక్కాల్సినవాడు కాగితాల కోసం ఆగిపోతాడు. మన భయానికి శిక్ష అతను అనుభవించడం అధర్మం.

2022 అక్టోబరులో తెరుచుకున్న జెబెల్ అలీ ఆలయానికి సెలవు రోజున వెళ్లి, విఘ్నాలు తొలగించమని వినాయకుణ్ని వేడుకుంటాం. వేడుకోవాల్సిందే. అయితే మనం కావాలని మూసిపెట్టిన సొరుగును ఆయన వచ్చి తెరవడు. తెరిచే ధైర్యం ఇస్తాడు. ఫలితం గురించిన భయాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టి పనిని మన చేతుల్లోకి తీసుకోవడమే కర్మయోగం.

కొట్టులో దేవుడి పటం ముందు దీపం వెలిగించాక, తొలి బేరానికి ముందే ఒక్క చేదు పని ముగించండి. పూర్తిగా కాకపోతే మొదటి మెట్టయినా ఎక్కండి. రిటర్నుకు బిల్లులు వరసలో పెట్టండి. స్నేహితుణ్ని మర్యాదగా ఒక తేదీ అడగండి. కుర్రాడి పాస్‌పోర్టు కాపీ తీయండి. రేపు కాదు, ఈ రోజే. దీపం వెలిగించిన చేత్తోనే ఆ సొరుగు తెరవండి.