మూడు చుక్కల ద్రాక్షారసం

ఇంట్లోకి కష్టం వచ్చిందంటే ముందు కారకుణ్ణి వెతుకుతాం. వ్యాపారం పోతే భాగస్తుడు, పంట పోతే పక్కచేనువాడి కన్ను, ఎవరూ దొరక్కపోతే కొత్తగా అడుగుపెట్టిన కోడలి పాదం. ఆదివారం పూజ మొదట్లో రొమ్ము కొట్టుకున్న చెయ్యే, గుడి మెట్లు దిగేసరికి ఇంకొకరి వైపు వేలు చూపిస్తుంది.

నిందించడానికి నిజంగానే కారణం ఉన్నవారు వియత్నాం బిషప్ న్గుయెన్ వాన్ తువాన్. సైగాన్ అగ్రపీఠానికి నియమితులైన కొన్ని నెలలకే, 1975 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడే కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని అరెస్టు చేసింది. 13 ఏళ్ల నిర్బంధం, అందులో 9 ఏళ్లు ఒంటరి గదిలో.

బట్టలు, పళ్లపేస్టు కోసం బయటికి ఉత్తరం రాసుకోనిస్తే, కడుపునొప్పికి మందుగా కాస్త ద్రాక్షారసం కూడా పంపమన్నారు. విశ్వాసులకు విషయం అర్థమైంది. మందు చీటీ అంటించిన చిన్న సీసా, టార్చిలైటులో దాచిన అప్పం వచ్చాయి. అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసం, ఒక చుక్క నీళ్లు పోసుకుని రోజూ పూజ చేసేవారు.

అయినా మొదట్లో ఆయన్ని దిగులు తినేసింది. నడివయసులో, పీఠంలో మొదలుపెట్టిన పనులన్నీ నడుమనే ఆగిపోయాయి. దేవుడు వేరు, దేవుడి కోసం చేసే పనులు వేరు అని ఒక రాత్రి మనసుకు తట్టాకే శాంతి దొరికిందని తర్వాత చెప్పారు. ఈ మాట దగ్గరే నేను ఆగిపోతాను. దేవుణ్ణి నమ్ముకున్నామనుకుంటాం గానీ, చాలాసార్లు నమ్ముకున్నది ఉద్యోగాన్ని, పొలాన్ని, కొడుకుని. వాటిని కదిపినవాడల్లా మనకు శత్రువైపోతాడు.

ఆయన ప్రభావంలో పడిపోతారని కాపలావాళ్లను రెండు వారాలకోసారి మార్చేవారు. ఇలాగైతే అందరూ చెడిపోతారని చివరికి మార్చడమే మానేశారట! వాళ్లలో ఒకాయన కరెంటు తీగ తెచ్చిచ్చి, సిలువకు గొలుసు చేయడానికి తనే సాయం పట్టాడు.

అన్యాయాన్ని నోరుమూసుకుని భరించమని దీనర్థం కాదు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి సహించడమే దైవచిత్తమని ఎవరు చెప్పినా, ఫాదర్ గారు చెప్పినా, తప్పే. కేసు పెట్టాల్సిన చోట పెట్టాలి. తీర్పు వచ్చేదాకా బతకడం మాత్రం వాయిదా వేసుకోకూడదు. వాన్ తువాన్ గారిని 1988 నవంబరు 21న వదిలేశారు. 13 ఏళ్లలో ఆయన కేసు ఒక్కసారి కూడా కోర్టుకు రాలేదు.