గొంతు లేని ఉనికి

ఎల్బీనగర్ దాటాక, హరిణ వనస్థలి పక్క చెట్లమీద కీచురాళ్ళు, అంటే సికాడాలు, చెవులు గింగుర్లెత్తేలా అరుస్తుంటాయి. ఆ రొదంతా మగపురుగులదే. ఆడదానికి గొంతు లేదు కనుక మగ సికాడా అదృష్టవంతుడని ప్రాచీన గ్రీకు నాటకకర్త జెనార్కస్ పరిహాసమాడాడు. మనకు కొత్త పరిహాసమేమీ కాదు.

కానీ కొమ్మను చీల్చి గుడ్లు పెట్టేది ఆమే. పిల్లలు నేలలోకి దిగి, వేళ్ళ రసం పీలుస్తూ ఏళ్ళ తరబడి పెరుగుతాయి. వాటి బొరియల్లోంచి మట్టికి గాలీ నీరూ అందుతాయి. పైకొచ్చాక పిట్టలకు తిండి, చచ్చాక నేలకు ఎరువు.

గొంతెత్తితేనే ఉనికి అని మనం చాలాసార్లు రాసుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో చెట్టు కొట్టి నేలంతా సిమెంటు పరిస్తే ఆమెకు కొమ్మ ఉండదు, పిల్లలకు మట్టి ఉండదు. ఆ నష్టం ఏ రొదలోనూ వినిపించదు. గొంతు లేనివాళ్ళకు గొంతునిస్తామనే ముందు, వాళ్ళ చోటు లాక్కోకుండా ఉండటమే మొదటి న్యాయమని నాకనిపిస్తోంది.