పంక్తిలో కూర్చుండుట

దానము చేయువాని గొప్పతనమును గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. పుచ్చుకొనువాని ధర్మమును గూర్చి ఆలోచించుట తక్కువ. ఇల్లు విడిచి యాత్ర పోవువాడు మాత్రము పూటపూటకు పుచ్చుకొనువాడే. పరుల ఊరి నీరు త్రాగును, పరులు నాటిన చెట్టు నీడను నిలుచును, ఒక్కొక్కప్పుడు పరుల దైవము ముంగిట కూర్చుండి అన్నము తినును. అట్టివాడు ఏ మనస్సుతో పుచ్చుకొనవలెను? తనది కాని మతమువారి మందిరమున అతడు వేడుక చూడవచ్చినవాడా, అతిథియా, ఋణస్థుడా? నాందేడు యాత్రలో మాకు కలిగిన ఈ ప్రశ్నను చదువరుల ముందుంచుచున్నాము.

మేము కే.జీ. కండిగైనుండి బయలుదేరి, బాసరలో సరస్వతీ దర్శనము చేసికొని, అచ్చటినుండి రైలులో నాందేడు చేరితిమి. గోదావరి కందకుర్తి వద్ద తెలుగునేలను చేరుటకు ముందే నాందేడును ఒరసికొని వచ్చును. బాసరలో మునిగినవాడు నాందేడు మీదుగా వచ్చిన నీటనే మునిగినాడన్నమాట. సిక్కుల పదవ గురువైన గురు గోవింద సింగు 1708వ సంవత్సరమున ఈ తీరముననే దేహము చాలించెను. తన తరువాత మనుష్యుడెవ్వడును గురువు కాడనియు, గ్రంథమే గురువనియు ఆయన నిర్ణయించినది ఇచ్చటనే. ఇప్పుడున్న మందిరమును మహారాజా రంజిత్ సింగు 1832 మొదలు 1837 వరకు కట్టించెను. సిక్కుల ఐదు తఖ్తులలో ఇది యొకటి. మన కోవెలలకు తీర్థపు బిందె తెచ్చునట్లే, ఇచ్చటికిని ప్రతిదినము తెల్లవారకముందే గోదావరి జలమును బిందెతో తెత్తురు.

వాకిట చెప్పులు విడువవలెను, కాళ్లు కడుగుకొనవలెను, తలకు గుడ్డ చుట్టుకొనవలెను. అన్యమతాచారమును పాటించినచో స్వధర్మమునకు లోపము రాదా యని కొందరు శంకింతురు. మన దేవాలయములలో కొన్నిచోట్ల పురుషులు చొక్కా విప్పవలెను. అచ్చట తల కప్పవలెను. ఒకచోట విప్పుట, మరియొకచోట కప్పుట. రెండింటి భావము ఒక్కటే: ఇచ్చట యజమానిని నేను కాను. పరుల ఇంట ఈ మాట ఒప్పుకొనుటవలన ఎవని ధర్మమును చెడదు. ఒప్పుకొనలేనివాడు గడప దాటకుండుటయే మర్యాద.

ఇట్టి తావులకు పోయి వచ్చినవారు సాధారణముగా “అన్ని మతములు ఒక్కటే” అని ఒక మాట చెప్పి ఊరకుందురు. అది ఔదార్యమువలె కనబడును గాని, చాలవరకు శ్రమ తప్పించుకొనుటయే. ఆ మందిరమున విగ్రహారాధన లేదు; గ్రంథమునకు చామరము వీచి, గురువునకు చేయు మర్యాదలన్నియు చేయుదురు. విగ్రహము లేదని వెలితిపడుటయు, గ్రంథమునే విగ్రహముగా తలచుటయు రెండును తగవు. ఉన్న భేదమును ఉన్నట్లు తెలిసికొని నమస్కరించుటయే నిజమైన గౌరవము. ఆ గ్రంథమున గురువుల వాక్కులతోబాటు మహారాష్ట్రుడైన నామదేవుడు, నేతపనివాడైన కబీరు, చర్మకారుడైన రవిదాసు, ముస్లిము సాధువైన ఫరీదు మొదలైన వారి వాక్కులును చేరియున్నవి. మన తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు, 1960లో యునెస్కో ఆదరణతో వెలువడిన సిక్కు పవిత్ర రచనల ఆంగ్లానువాదమునకు ఉపోద్ఘాతము వ్రాసెను. పరుల గ్రంథమును శ్రద్ధతో చదివినవారు మన ఊరిలోనే పుట్టిరన్నమాట.

మాకు అసలు పాఠము లభించినది భోజనశాలలో. వారు దానిని లంగరు అందురు. వరుసగా కూర్చుండుటను పంగత్ అందురు. ఈ పంగత్ మన పంక్తి యను మాటయే. పంక్తిభేదము చేయరాదని మన పెద్దలును చెప్పిరి. ఒకనికి నేయి, ఒకనికి మజ్జిగ వడ్డించుట పాపమని మనకు తెలియును. అయితే ఆ నీతి పంక్తిలో కూర్చున్నవారికి మాత్రమే వర్తించెను. ఆ పంక్తిలో కూర్చుండదగినవారెవరు అను ప్రశ్న వేసికొనలేదు. ఊళ్లలో కులమునకొక పంక్తి సాగిన దినములు మా వయస్సువారికి జ్ఞాపకమున్నవి. సిక్కు గురువులు ఆ ప్రశ్ననే మొదట వేసిరి. గురు నానక్ నాటినుండి వచ్చుచున్న లంగరును మూడవ గురువైన అమరదాసు కట్టుదిట్టము చేసి, ముందు పంక్తిలో కూర్చుండి భుజించి పిదపనే తన దర్శనమునకు రావలెనని నియమించెను. అక్బరు చక్రవర్తియు అట్లే కూర్చుండెనని వారి సంప్రదాయము. 1699లో ఆనందపురమున మొదట దీక్ష పొందిన ఐదుగురిలో ఒకడు మన దక్కనులోని బీదరునకు చెందిన మంగలి.

నేలమీద పొడుగాటి పట్టాలు పరచియుండెను. మా కుడిప్రక్క పంజాబునుండి వచ్చిన కుటుంబము, ఎడమప్రక్క ఊరిలో కూలి చేసికొను మనిషి. రొట్టెను మనము తీసికొనరాదు; రెండు చేతులు చాచి పుచ్చుకొనవలెను. ఇది చిన్న నియమమే. కాని పదిమందికి పెట్టుటయే గౌరవమని నేర్చుకొన్న గృహస్థునకు అట్లు చేతులు చాచుట తేలిక కాదు. మాతో వచ్చిన బంధువు మెల్లగా “బావగారూ, మన దగ్గర డబ్బున్నది గదా. లేనివాడికి పోవలసిన కూడు మనము తినడం న్యాయమేనా?” అని అడిగెను. మా మనస్సులోను ఆ శంకయే కలదు. వడ్డించుచున్న వృద్ధుడు హైదరాబాదు సిక్కు, తెలుగు తెలిసినవాడు. ఆయన నవ్వి ఇట్లనెను: “అయ్యా, ఇది గరీబులకు పెట్టే కూడు కాదు. గరీబులకే పెడితే, ఇక్కడ కూర్చున్న ప్రతివాడూ గరీబని తేలిపోతది గదా. మీరు పక్కన కూర్చుంటేనే అతని మర్యాద నిలుస్తది.”

ఈ మాటను మేము పలుమారులు తలపోసితిమి. బీదవానికి వేరుగా అన్నము పెట్టినచో వాని ఆకలి తీరును గాని, వాడు బీదవాడను సంగతి ఊరందరికి చాటినట్లగును. కలవాడు వచ్చి అదే పంక్తిలో, అదే పళ్లెములో, అదే పప్పు తినినప్పుడు ఎవడు అవసరముచే వచ్చెనో, ఎవడు భక్తిచే వచ్చెనో చూచువారికి తెలియదు. కాబట్టి అచ్చట కలవాడు తినుట లేనివాని భాగమును హరించుట కాదు. వాని మానమును కాపాడుట. ధనమిచ్చి వెడలిపోవుట సులభము. ప్రక్కన కూర్చుండుట కష్టము. ఆ మందిరము మననుండి కోరునది ఆ కష్టమునే.

మరి ఋణము మాటేమి? జీవితమంతయు జమాఖర్చులు వ్రాసిన చేతికి, జమ చూపని ఖర్చు నిద్రపట్టనీయదు. హుండీలో కొంత వేసితిమి. దానితో లెక్క సరిపోయినట్లు తోచలేదు. అటుపిమ్మట ఎంగిలి పళ్లెములు కడుగువారితో కలిసి కొంతసేపు పని చేసితిమి. మేము కడిగిన పళ్లెములలో తినువారెవరో మాకు తెలియదు. మేము తినిన పళ్లెమును కడిగినవారెవరో అంతకుముందును తెలియదు. ఇట్టి ఋణము పెట్టినవానికి తిరిగి ఇచ్చునది కాదు, తరువాత వచ్చువానికి అందించునది. ఉచితాన్నము సోమరితనమును పెంచదా యనువారికి సమాధానము ఆ మతముననే కలదు: కష్టించి సంపాదించుట, పంచుకొని తినుట, నామము స్మరించుట, ఈ మూడును వారికి విడదీయరాని విధులు.

ఈ విషయము మన సంఘమువారికి విశేషముగా తగును. 1956 వరకు నాందేడు హైదరాబాదు రాష్ట్రములో ఉండి, పిదప బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రమున ఉన్నది. మన తిరుత్తణి అదే సంవత్సరము ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. మనుష్యులు ఉన్నచోటనే ఉండిరి. ఎల్లలు వారిమీదుగా నడచిపోయినవి. పంజాబునకు ఎంతో దూరమున, వేరు భాషలవారి నడుమ, సిక్కులు మూడు వందల ఏండ్లకు పైగా తమ గురుముఖి లిపిని, తమ పాటను విడువక నిలిచిరి. అట్లు నిలుచుటకై వారు తలుపులు మూసికొనలేదు. వంటశాల తెరచి వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. తక్కువ సంఖ్యలో ఉన్నవారు ఇతరులనుండి దాగికొనినచో అతిథులుగానే మిగిలిపోదురు. ఇతరులకు పెట్టగలిగిన దినముననే ఆ ఊరివారగుదురు.

మనము ఇంటిలో తెలుగు మాటలాడుదము, పిల్లలచేత తెలుగు చదివించుదము. అది మన గ్రంథము. దానితోబాటు ఆడికృత్తికకు కావళ్లు మోసికొని మన ఊళ్లమీదుగా తిరుత్తణి కొండకు నడచువారికి, ఏ భాషవారైనను ఏ కులమువారైనను, ఒక్కటే పంక్తి వేయుదము. గరిటె పట్టుకొని నిలుచుట మనకు అలవాటైన గౌరవమే. ఒక పూటయైనను ఆ గరిటెను వేరొకరికిచ్చి, ఆ పంక్తిలోనే వారి ప్రక్కన ఆకు ముందు కూర్చుందము.