ఆరోగ్య పాఠమున నిర్ణయ శిక్షణ

విద్యార్థులకు ఆరోగ్య పాఠములలో నిర్ణయము చేయుట నేర్పవలెనన్న మాట విన్నంతనే కొందరు తల్లిదండ్రుల మనస్సున ఒక శంక పొడసూపును. పిల్లలు తమంతట తామే నిర్ణయింప మొదలిడినచో ఇంటి ఆచారమేమగును? గురువాక్యమేమగును? ఈ శంకను తేలికగా త్రోసివేయరాదు.

వనపర్తి జిల్లా పాన్‌గల్ కోటగుట్ట క్రింద నివసించు ఒక లింగాయత కుటుంబమును, అందు ఉన్నత పాఠశాలలో చదువుకొను బాలికను ఊహించుకొనుడు. కౌమార వయస్కులకు వారమునకొక మారు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రనిచ్చు పథకము దేశమున 2012-13 ప్రాంతమున ఆరంభమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏండ్ల బాలికలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కనబడినది. కనుక ఆ నీలిమాత్ర అల్పవిషయము కాదు. మాత్ర ఇచ్చు దినము సోమవారమైనదనుకొందము. ఆ దినము ఆమె యింట ఉపవాసము. ఉపాధ్యాయిని మ్రింగుమన్నది. తల్లి పొద్దుగ్రుంకువరకు ఏమియు నోట వేయవలదన్నది. బాలిక ఇరువురికిని ఎదురాడలేదు. మాత్రనందుకొని సంచిలో దాచినది. ఇరువురును తమ మాట చెల్లినదనుకొనిరి. రక్తము మాత్రము పెరుగలేదు.

ఇచ్చట లోపించినది జ్ఞానము కాదు. రక్తహీనత లక్షణములను ఆమె పరీక్షలో తప్పులేక వ్రాయగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల దశకమున జీవన నైపుణ్యములలో నిర్ణయ సామర్థ్యమును చేర్చినది ఇట్టి లోపమును ఎరిగియే. 2020లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమము గూడ ఉపాధ్యాయుల ద్వారా ఆ దారినే పోదలచినది. అయితే సమస్యను గుర్తింపుము, మార్గములనెంచుము, ఫలితములను తూచుము అని నల్లబల్లపై వ్రాసి చూపినచో, పిల్లలు దానిని గూడ కంఠస్థము చేసి ఊరకుందురు!

బసవేశ్వరుని బాల్యమును స్మరింపుడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున తండ్రి మాదిరాజు ఉపనయనమునకు పూనుకొనగా, బాలబసవడు దానిని నిరాకరించెను. అతడు చాటుగా తప్పించుకొనలేదు. తండ్రి యెదుటనే నిలిచి కారణములు చెప్పెను. ఆ నిర్ణయమునకు మూల్యముగా ఇల్లు విడిచెను. అట్టి మహాపురుషుని దృష్టాంతము ప్రతి బాలునికిని అన్వయింపదని కొందరనవచ్చును. నిజమే. కాని కారణము చెప్పి నిలబడుట ఎట్టి బాలుడైనను నేర్వదగినదే. కల్యాణమున అనుభవ మంటపమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆమె మార్గమును ఎవరును అడ్డలేదు, ప్రశ్నింపక విడువనులేదు. బాలల నిర్ణయమునకును ఇట్టి పరీక్ష యవసరము. అది లేనిచో స్వేచ్ఛ వట్టి మొండితనమగును.

కుక్క కరచినప్పుడు టీకా వేయింపవలెనా వలదా యని బాలుని అడుగుట నిర్ణయ శిక్షణ కాదు, బాధ్యతను తప్పించుకొనుట. పెద్దలు నిశ్చయింపవలసినవి కొన్ని యున్నవి. నీలిమాత్ర యట్టిది కాదు. పరగడుపున మ్రింగినచో కొందరికి వికారము కలుగును గనుక, “నేడు ఉపవాసము, భోజనానంతరము తీసికొనవచ్చునా?” యని ఉపాధ్యాయినిని అడుగుట ఆ బాలికకు అసాధ్యము కాదు. ఆ ప్రశ్న అవిధేయత గాదు. ఇష్టలింగమును ధరించు దేహము క్షీణింపరాదని తల్లితో చెప్పుట ఆచారభంగమును గాదు. పెద్దల మాటకు తలయూపి సంచిలో దాచు విధేయతకంటె ఈ ప్రశ్నయే సదాచారమునకు దగ్గర. మఠములలో పిల్లలు కూడినప్పుడు స్వాములవారు వారికి ఉత్తరము చెప్పుటకు ముందు, “నీవైతే ఏమి చేయుదువు? ఏల?” యని యడుగుట మేలు.

ఆ సోమవారము సాయంకాలము లింగపూజ ముగిసి భోజనమునకు కూర్చున్నప్పుడు బాలిక సంచి తెరచి మాత్రను తల్లి చేతిలో పెట్టియున్నచో, తల్లి మొదట కోపించియుండును. పిదప, అన్నము తినిన తరువాత, మంచినీళ్లు అందించియుండును. టీ మాత్రము కాదు. అది ఇనుమును సరిగా ఒంటబట్టనీయదు.